స్టూలు మీద నిలబడి, స్క్రూ లేకుండా బిగించే బల్బు హోల్డర్: మా తయారీ అనుభవం

వైరుకు వేలాడే పెండెంట్ బల్బు హోల్డర్‌ను బల్ల మీద పెట్టుకుని వైరు బిగిస్తే రెండు నిమిషాల పని. అదే హోల్డర్‌ను పది పదకొండు అడుగుల ఎత్తున, దూలం కింద వేలాడే వైరుకు, స్టూలెక్కి తల వెనక్కి వాల్చి బిగించాలంటే సంగతి వేరు. ఒక చేత్తో వైరు, ఇంకో చేత్తో స్క్రూ డ్రైవర్ పట్టుకుంటే హోల్డర్‌ను పట్టుకోవడానికి చెయ్యి మిగలదు. మెయిన్ ఆపేసి ఉంటుంది కాబట్టి గదిలో వెలుతురు కిటికీలోంచి వచ్చినంతే. కింద నిలబడిన కుర్రవాడు "అన్నా, స్క్రూ పడింది, యాడ పడిందో కనపళ్లే" అంటాడు. ఆ స్క్రూ బండల సందులోకి పోయిందంటే ఆ హోల్డర్ ఇక పనికిరాదు.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వైపు పాత బండల మిద్దెల్లో పనిచేసేటప్పుడు ఇది రోజూ ఉండేదే. పైకప్పు కడప బండ. దానికి రంధ్రం వేస్తే పొరలు పొరలుగా లేచి పగులుతుంది, అందుకని హోల్డర్‌కు ఆధారం దూలమో దంతెయో అవుతుంది. చెయ్యి బాగా అందే చోట పెట్టుకునే వీలుండదు. కాలిపోయిన హోల్డర్లను తెచ్చి విప్పి చూస్తూ వచ్చాం. వాటిలో ఎక్కువ భాగం బల్బు వేడికి కాలినవి కావు, బిగింపు సరిగా కుదరక కాలినవి. ఆ బిగింపు కుదరకపోవడం మనిషి తప్పు అనడం కన్నా సామాను తప్పు అనడమే న్యాయం అనిపించింది. అందుకే చిన్న స్క్రూలు లేని హోల్డర్ ఒకటి చేసి చూశాం. ఏం చేశాం, ఎక్కడ చెడింది, ఎందుకు చెడింది అన్నది ఉన్నదున్నట్టు రాస్తున్నాం.

మన ఇళ్లలో ఎక్కువగా ఉండేది బి22 రకం. బల్బు మూతి 22 మిల్లీమీటర్ల లావు, పక్కల రెండు చిన్న పిన్నులు, అడుగున రెండు సీసపు బొడిపెలు. నొక్కి తిప్పితే కూర్చుంటుంది. ఈ హోల్డర్లకు మన ప్రమాణం ఐఎస్ 1258. మరలాగా తిప్పి బిగించే ఇ27 రకానికి వేరే ప్రమాణం ఉంది. దాంట్లో ఫేజ్ (కరెంటు తెచ్చే వైరు) తప్పనిసరిగా నడిమి కాంటాక్టుకే రావాలి. బి22లో అడుగున ఉన్న రెండు బొడిపెలూ ఒకటే కాబట్టి ఏ వైరు ఎటు పెట్టినా బల్బుకు తేడా లేదు. వైరింగ్ సులువు చేయాలనుకునేవాళ్లకు ఇదొక పెద్ద వెసులుబాటు, అందుకే మేం బి22తోనే మొదలుపెట్టాం.

మామూలు హోల్డర్ విప్పితే కనిపించేవి ఇవి: వైరు దూరే పై మూత, లోపల బేకలైట్ దిమ్మ, దిమ్మలో రెండు ఇత్తడి గొట్టాలు, ఒక్కో గొట్టంలో స్ప్రింగు, స్ప్రింగు మీద లోపలికీ బయటికీ ఆడే ప్లంజర్, గొట్టం వెనక వైరు రంధ్రం, దాన్ని నొక్కే చిన్న స్క్రూ, బయట గుల్ల, కింద రింగు. పై మూతను ముందే వైరుకు ఎక్కించాలి. మర్చిపోతే బిగించిన రెండు స్క్రూలూ మళ్లీ విప్పాలి. అప్పటికే ఒకసారి నలిగిన వైరు కొసను మళ్లీ అదే రంధ్రంలో దూరిస్తే సగం పోగులు వెనక్కి మడుచుకుంటాయి.

పోగుల లెక్క ఇక్కడ ముఖ్యం. 1 చదరపు మిల్లీమీటరు వైరులో సాధారణంగా 0.3 మిల్లీమీటర్ల పోగులు 14 ఉంటాయి. పళ్లతోనో బ్లేడుతోనో ఒలిస్తే మూడు నాలుగు పోగులు తెగుతాయి. మిగిలిన పది పోగులూ బల్బుకు చాలినంతకన్నా ఎక్కువే. అయినా స్క్రూ కొన సన్నగా ఉంటే ఆ పదింటిలో కొన్నింటిని కోసేస్తుంది, కొన్నింటిని పక్కకు నెట్టేస్తుంది. ఒక్క పోగు బయటికి పొడుచుకు వచ్చి పక్క టెర్మినల్‌ను తాకితే షార్ట్. తాకకపోయినా, స్క్రూ కింద రాగి మెల్లగా చదునవుతూ పోతుంది, వేడెక్కి చల్లారిన ప్రతిసారీ పట్టు ఇంకాస్త సడలుతుంది.

ఎల్‌ఈడీ బల్బులు వచ్చాక కూడా హోల్డర్లు ఎందుకు కాలుతున్నాయి అని చాలామంది అడుగుతారు. 9 వాట్ల ఎల్‌ఈడీ 230 వోల్టుల దగ్గర తీసుకునేది 0.04 ఆంపియర్లు. జాయింటులో ఒక ఓమ్ అడ్డు ఉన్నా పుట్టే వేడి లెక్కలోకి రాదు. కాలేది లూపు వల్ల. గోడకు బిగించే బ్యాటన్ హోల్డర్ టెర్మినల్ నుంచే ఇంకో వైరు తీసి పక్క గదిలోని ప్లగ్గుకు ఇచ్చేస్తారు. ఆ ప్లగ్గులో 1000 వాట్ల ఇస్త్రీపెట్టె పెడితే 4.3 ఆంపియర్లు ఈ చిన్న స్క్రూ గుండా పోతాయి. జాయింటులో పదో వంతు ఓమ్ ఉన్నా దాదాపు 1.9 వాట్ల వేడి, బొటనవేలి గోరంత చోట, గాలి ఆడని బేకలైట్ లోపల, గంటల తరబడి. బేకలైట్ కరగదు, బొగ్గవుతుంది. బొగ్గు కరెంటును పారనిస్తుంది. ఆ తరవాత జరిగేది చెప్పనక్కరలేదు. అసలు హోల్డర్ నుంచి ప్లగ్గుకు లూపు తీయకూడదు, కానీ తీస్తారు. కాబట్టి మా హోల్డర్ టెర్మినల్‌ను బల్బు కరెంటుకు కాదు, 5 ఆంపియర్లకు తగ్గట్టు చేయాలనీ, ఒక్కో వైపు రెండేసి రంధ్రాలు వేరువేరుగా ఉండాలనీ మొదటే నిర్ణయించుకున్నాం. ఒకే రంధ్రంలో రెండు వైర్లు కుక్కితే రెండూ సరిగా పట్టవు.

వైరును పట్టే పద్ధతి దగ్గరే ఎక్కువ రోజులు పట్టింది. మొదట ఒలవకుండానే పట్టే పద్ధతి చూశాం. సన్న చీలిక ఉన్న ఇత్తడి రేకులోకి వైరును నొక్కితే, చీలిక అంచులు ఇన్సులేషన్‌ను కోసి రాగిని తాకుతాయి. టెలిఫోన్ లైన్ల జాయింట్లలో ఇది బాగా పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడ వైరు ఎప్పుడూ ఒకే సైజు. ఇళ్లలో ఒకచోట 0.75, ఒకచోట 1, ఇంకోచోట 1.5 చదరపు మిల్లీమీటర్లు. చీలిక ఒకదానికి సరిపోతే ఇంకోదానికి వదులు. పోగుల వైరులో కొన్ని పోగులు తెగుతాయి, కొన్ని చీలిక పక్కకు జారిపోతాయి. ఏళ్ల తరబడి వేడికి గట్టిపడిన పాత పీవీసీ అయితే తెగకుండా పగులుతుంది. దాన్ని వదిలేశాం.

రెండోది నేరుగా గుచ్చే పద్ధతి. రంధ్రంలో ఏటవాలుగా ఒక స్టీలు పట్టీ ఉంటుంది, వైరును తోస్తే పక్కకు తప్పుకుని లోపలికి రానిస్తుంది, వెనక్కి లాగితే కరుచుకుంటుంది. ఒంటి తీగకు దీనంత సుఖం ఇంకోటి లేదు. మన ఇళ్లలో ఉండేది పోగుల వైరు. తోయగానే పోగులు కుచ్చులా విచ్చుకుని వంగిపోతాయి. కొసకు ఫెర్రూల్ (చిన్న లోహపు తొడుగు) తొడిగి నొక్కితే దూరుతుంది, కానీ స్టూలు మీద ఫెర్రూల్ నొక్కే ప్లైయర్ ఇంకో సామాను. వైరు కొసకు సీసం పూసి గట్టిపరచడం కొందరికి అలవాటు. అది అసలు చేయకూడదు: నొక్కుడు కింద సీసం మెల్లగా జారుకుంటుంది, కొన్నాళ్లకు జాయింటు వదులవుతుంది.

మూడోది లీవర్. లీవర్ పైకి లేపితే దాని అడుగున ఉన్న బొడిపె స్ప్రింగు పట్టీని వెనక్కి నెడుతుంది, 3 మిల్లీమీటర్ల సందు తెరుచుకుంటుంది. వైరు పెట్టి లీవర్ దించితే పట్టీ వచ్చి రాగిని బద్దీ మీద అదుముతుంది. వైర్లు కలిపే లీవర్ కనెక్టర్లు బజారులో ఇప్పటికే ఉన్నాయి, సూత్రం కొత్తదేమీ కాదు. హోల్డర్ మూతలో పట్టేంత చిన్నగా చేయడమే పని. పట్టీకి 0.4 మిల్లీమీటర్ల మందం, 6 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న స్ప్రింగు రకం స్టెయిన్‌లెస్ స్టీలు, కింద బద్దీకి కళాయి పూసిన 0.8 మిల్లీమీటర్ల రాగి రేకు వాడాం. స్టెయిన్‌లెస్ స్టీలుకు రాగితో పోలిస్తే దాదాపు నలభై రెట్ల అడ్డు ఉంటుంది. కాబట్టి పట్టీ పని నొక్కడం మాత్రమే, కరెంటు రాగి నుంచి రాగికే పోవాలి. పట్టీనే కరెంటు దారిగా పెట్టిన మొదటి నమూనా 5 ఆంపియర్లకే చెయ్యి పెట్టలేనంతగా కాలింది.

పట్టీలు వంచేటప్పుడు తెలిసిన ఒక మాట. స్టీలు రేకును ఫ్యాక్టరీలో ఏ దిక్కుగా రోల్ చేశారో ఆ దిక్కుకు అడ్డంగా మడత రావాలి. అదే దిక్కున పొడవునా మడిస్తే మూలలో సన్న బీట పడుతుంది. కంటికి కనిపించదు. కొన్ని పదులసార్లు లీవర్ ఎత్తి దించాక పట్టీ విరిగి చేతిలోకి వస్తుంది. రేకు మీద సన్నగీతలు వెలుతురుకు పట్టి చూస్తే రోల్ దిక్కు తెలుస్తుంది.

తరవాతి తలనొప్పి బల్బు వైపు. పాత హోల్డర్‌లో గొట్టంలోని ప్లంజర్ దుమ్ము పట్టి బిగుసుకుపోతుంది. బండలకు పాలిష్ పట్టే యూనిట్ల దగ్గర ఇళ్లలో సున్నపురాయి దుమ్ము ఎంత సన్నగా ఉంటుందంటే గొట్టం గోడకూ ప్లంజర్‌కూ మధ్య చేరి రాసుకుంటుంది. ప్లంజర్ లోపలే ఇరుక్కుంటే బల్బు బొడిపెను సగం తాకుతుంది, స్పార్క్ వస్తుంది, బొడిపె మీద నల్ల చుక్క పడుతుంది. గొట్టం గోడ సరిగా తాకనప్పుడు కరెంటు స్ప్రింగు గుండానే పోతుంది, స్ప్రింగు వేడెక్కి బిగువు పోగొట్టుకుంటుంది. గొట్టమూ వద్దు స్ప్రింగూ వద్దనుకుని ఫాస్ఫర్ బ్రాంజ్ (ఒక రకం కంచు) పట్టీ ఒక్కటే వంచి కాంటాక్టుగా పెట్టాం. ఎల్‌ఈడీ బల్బుతో చాలా బాగా ఉంది. 100 వాట్ల పాత బల్బు పెట్టి వారం రోజులు వెలిగిస్తే పట్టీ వేడికి సాగి వెనక్కి వాలిపోయింది, బల్బు గుల్లలో గలగలమంది.

మళ్లీ ప్లంజర్‌కే వచ్చాం, కానీ మార్పుతో: నొక్కుడు స్టీలు స్ప్రింగుది, కరెంటు మాత్రం ప్లంజర్ తోకకు కట్టిన మెత్తటి రాగి జడది. ఆ జడను మొదట సీసంతో అతికించాం. అతుకుకు వాడే మామూలు సీసం (తగరం కలిపిన సోల్డర్) 183 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. బయొనెట్ హోల్డర్ల మీద టీ1, టీ2 అని ఉండే గుర్తులకు అర్థం 165, 210 డిగ్రీల వేడి తట్టుకోవాలని. టీ2 కావాలంటే సీసం అతుకు పనికిరాదు. జడ రెండు కొసలనూ రివిట్ చేసి నొక్కడంతో ఆ చిక్కు తీరింది. ఇప్పుడు ఎవరు 100 వాట్ల బల్బు పెడతారు అనుకుంటే తప్పు. హోల్డర్‌లో దూరేది ఏదైనా ఎప్పుడో ఒకరు పెడతారు. కోడిపిల్లల గంప కింద వెచ్చదనానికి ఇప్పటికీ ఆ బల్బులే వెతుకుతారు.

లోపలి దిమ్మ బేకలైటే. మూతకు మొదట పాలికార్బొనేట్ అనుకున్నాం, పగలదు కదా అని. అది 147 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. వేలాడే హోల్డర్‌లో బల్బు కింద, మూత పైన. వేడి పైకే పోతుంది. కాబట్టి మూతకు గాజుపీచు కలిపిన పీబీటీ అనే ప్లాస్టిక్ వాడాలి. కొలతలు చూసుకోవడానికి త్రీడీ ప్రింటర్ మీద పీఎల్ఏ అనే ప్లాస్టిక్‌తో చేసిన నమూనాలు 60 డిగ్రీలకే మెత్తబడతాయి, మే నెలలో ఎండలో ఆపిన బండి డిక్కీలో పెడితేనే వంగిపోతాయి. చేతికి ఎలా ఉందో చూడటానికి అవి చాలు. వాటికి ఎప్పుడూ కరెంటు ఇవ్వలేదు, ఎవరూ ఇవ్వకూడదు.

మూతలో రెండు సంగతులున్నాయి. ఒకటి, పక్కన 5 మిల్లీమీటర్ల చీలిక. వైరును పై నుంచి గుచ్చనక్కరలేదు, బిగింపు అయ్యాక మూతను పక్క నుంచి వైరుకు తొడిగితే చాలు. చీలిక ఉన్న మూతకు మర పెట్టి బిగిస్తే చీలిక నోరు తెరిచి పగిలింది, అందుకని మర తీసేసి, బల్బులాగే నొక్కి పావు చుట్టు తిప్పితే పడే గాడి పెట్టాం. పడగానే లోపలి గోడ చీలికను కప్పేస్తుంది, వేలు గానీ మట్టిగూడు కట్టే కందిరీగ గానీ దూరే సందు ఉండదు. రెండోది మాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. మూత లోపల రెండు గట్లు ఉన్నాయి. ఏ ఒక్క లీవర్ పూర్తిగా దిగకపోయినా గట్టు దానికి తగిలి మూత పడదు. మసక వెలుతురులో కంటికి కనపడకపోయినా చేతికి తెలుస్తుంది. తప్పుగా బిగించిన హోల్డర్ మూసుకోకూడదన్నదే ఈ పని మొత్తానికి మేం పెట్టుకున్న నియమం.

బరువు సంగతి. హోల్డర్, బల్బు, గాజు షేడ్ బరువు టెర్మినల్ మీద పడకూడదు. దిమ్మ పైన మేకుల్లాంటి మూడు చిన్న మొలకలు పెట్టి వైరు వాటి మధ్య మెలికలుగా పోయేలా చేశాం, లాగుడు అక్కడే ఆగుతుంది. లోపల ముడి వేయడం కొందరి అలవాటు. ముడిలో రెండు వైర్లూ ఒకదానికొకటి ఒరుసుకుంటాయి, చోటూ చాలదు.

పరీక్షలు ఇంట్లో ఉన్న సామానుతోనే చేశాం. 1 చదరపు మిల్లీమీటరు వైరుకు 3.5 కిలోలు, 1.5కి 4 కిలోలు నీళ్ల సీసాలు కట్టి ఒక నిమిషం వేలాడదీస్తే వైరు జారకూడదు. 5 ఆంపియర్ల పరీక్షకు 230 వోల్టులతో పనిలేదు: 12 వోల్టుల బ్యాటరీకి బండి హెడ్‌లైట్ 60 వాట్ల బల్బు కలిపితే దాదాపు 5 ఆంపియర్లు పారుతాయి. ఆ దారిలో మన జాయింటు పెట్టి, దాని రెండు వైపులా మల్టీమీటర్ మిల్లీవోల్టుల్లో చూడాలి. మా హద్దు 15 మిల్లీవోల్టులు, అంటే 3 మిల్లీఓమ్‌లు. అరగంట పారించి అరగంట ఆపుతూ కొన్ని రోజులు నడిపి మళ్లీ కొలవాలి. కొత్తలో, బల్ల మీద శ్రద్ధగా బిగించిన స్క్రూ జాయింటు మా లీవర్‌కు ఏమాత్రం తీసిపోలేదు. తేడా వచ్చింది స్టూలు మీద బిగించిన వాటిలో, అదీ వేడెక్కి చల్లారిన తరవాత. చివరగా తడిగుడ్డ ఉన్న డబ్బాలో ఒక రాత్రి ఉంచి, ఇన్సులేషన్ కొలిచే 500 వోల్టుల మెగ్గర్‌తో రెండు ధ్రువాల మధ్య, తరవాత బయటి గుల్లకు చుట్టిన రేకుకూ చూశాం. 10 మెగాఓమ్‌లకు తక్కువ చూపిన ముక్కను పక్కన పడేశాం.

బిగించే వరుస ఇలా ఉంటుంది. మెయిన్ ఆపాలి, టెస్టర్ ముందు కరెంటు ఉన్నచోట వెలుగుతోందో లేదో చూసుకుని తరవాత ఇక్కడ పెట్టాలి. హోల్డర్ పక్కన గీసిన గాడికి వైరు ఆనించి 10 మిల్లీమీటర్లు ఒలవాలి. పోగులను మెలిపెట్టాలి, ఒక్క మెలిక చాలు. లీవర్ ఎత్తి వైరు ఆగేదాకా తోయాలి, లీవర్ దించాలి. దిమ్మ వెనక 2 మిల్లీమీటర్ల చూపు రంధ్రం ఉంది, అందులో రాగి కొస మెరవాలి. మెరవకపోతే ఒలుపు చాలలేదు, ఇన్సులేషన్ పట్టీ కింద చిక్కుకుందని అర్థం. ఇది అన్నిటికన్నా మోసపు తప్పు, ఎందుకంటే లాగి చూస్తే గట్టిగానే ఉంటుంది, బల్బు మాత్రం మినుకుమినుకుమంటుంది. బయట రాగి కనిపిస్తే ఒలుపు ఎక్కువైంది, కొస కత్తిరించాలి. వైరును మొలకల మధ్య మెలిక తిప్పి, ఒకసారి లాగి చూసి, మూత పక్క నుంచి తొడిగి తిప్పాలి.

కరెంటు మొదటిసారి సీరీస్ బోర్డు (దారి మధ్యలో ఒక బల్బు ఉండే బోర్డు) ద్వారా ఇవ్వడం మంచిది. హోల్డర్ ఖాళీగా ఉన్నప్పుడు సీరీస్‌లోని 100 వాట్ల బల్బు వెలగకూడదు. నిండుగా వెలిగితే లోపల పోగులు కలిశాయి. స్విచ్ ఆపినా ఎల్‌ఈడీ మసకగా వెలుగుతుంటే హోల్డర్‌ను విప్పకండి, ముందు స్విచ్ న్యూట్రల్‌లో పడిందేమో బోర్డులో చూడండి. అలా పడి ఉంటే స్విచ్ ఆపినా హోల్డర్‌లో ఫేజ్ ఉంటుంది, బల్బు మార్చేవాళ్లకు షాక్ కొడుతుంది. బల్బు లేని హోల్డర్‌లో ప్లంజర్లు పిల్లల వేలికి అందుతాయి, బల్బు మాడితే మాడినదాన్నే కొత్తది తెచ్చేదాకా ఉంచండి.

పాత మిద్దెల్లో ఇంకా అల్యూమినియం వైర్లున్నాయి. వాటిని ఈ లీవర్‌లో పెట్టకండి. అల్యూమినియం మీద ఆక్సైడు పొర వెంటనే పడుతుంది, నొక్కుడు కింద రాగి కన్నా త్వరగా జారుతుంది, పట్టీ ఎంత నొక్కినా కొన్నాళ్లకు వేడెక్కుతుంది. సీలింగ్ రోజ్ (పైకప్పు దగ్గర వైర్లు కలిపే డబ్బా) దాకా ఉన్న అల్యూమినియాన్ని అక్కడే ఆపి, అక్కడి నుంచి హోల్డర్ దాకా రాగి ఫ్లెక్సిబుల్ వేసుకోవాలి. పాత ఇన్సులేషన్ వంచగానే పెళుసుగా విరిగితే ఎంత మంచి హోల్డర్ పెట్టినా దండగ, ముందు ఆ వైరు మారాలి. స్నానాల గదికి, ఆరుబయటకు ఇది పనికిరాదు, చీలిక మూత నీళ్లను ఆపదు. ఇక ఇవి మా బల్ల మీది ముక్కలే. అమ్మాలంటే ఐఎస్ 1258 ప్రకారం లేబరేటరీలో వేడి, నిప్పు, తేమ పరీక్షలన్నీ నెగ్గాలి. అచ్చు పోయించి మొదటి వంద ముక్కలు వచ్చాక ముందు చూడాల్సింది లీవర్ బొడిపె. బేకలైట్ అచ్చులో ఆ బొడిపె అంచు కాస్త చిట్లినా సందు 3 మిల్లీమీటర్లు తెరుచుకోదు, 1.5 వైరు దూరదు.